సమూవేలు మన గడప తొక్కినప్పుడు



జూన్ నెల దగ్గర పడుతోందంటే మా విచారణ గురువుల ఇంటి ముందు చెప్పుల జతలు ఎక్కువవుతాయి. "ఫాదర్ గారూ, మా పిల్లకు కాన్వెంటు బడిలో సీటు కావాలి. సిస్టరమ్మ గారికి మీరొక్క ముక్క రాసిస్తే చాలు" అంటూ తల్లులు వస్తారు. తండ్రులు కొంచెం వెనుకగా, వేపచెట్టు నీడన నిలబడతారు. నేను కాదనకుండా రాసిస్తాను. రాసే ముందు మాత్రం ఒక ప్రశ్న అడగడం నాకు అలవాటు. "అమ్మా, ఇన్ని బడులుండగా మన బడిలోనే ఎందుకు చేర్పించాలనుకుంటున్నారు?"

ఇంగ్లీషు బాగా వస్తుందంటారు. క్రమశిక్షణ ఉంటుందంటారు. ఆడపిల్లకు భద్రత అంటారు. ఇవన్నీ మంచి కారణాలే. వాటిని నేను తక్కువ చేయను. మిరపకోతలకు వెళ్లి కూలి డబ్బులు కూడబెట్టి ఫీజు కట్టే తల్లికి, బిడ్డ నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడితే చూడాలని ఉండడంలో తప్పేముంది? కాని "మా బిడ్డ దేవుని స్వరం వినడం నేర్చుకోవాలి ఫాదర్" అని చెప్పినవారిని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఈ వారం ఆ విషయమే మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

పవిత్ర గ్రంథంలో ఒక తల్లి తన బిడ్డను చేర్పించడానికి తీసుకువెళ్లిన సంఘటన ఉంది. సమూవేలు మొదటి గ్రంథం తీసి మొదటి మూడు అధ్యాయాలు ఇంట్లో అందరూ కలిసి చదవండి. అన్నా అనే ఆ తల్లి ఏళ్ల తరబడి కన్నీళ్లతో అడిగి కన్న బిడ్డను, పాలు విడిచిన తరువాత షిలో దేవాలయానికి తీసుకువెళ్లి యాజకుడైన ఏలీకి అప్పగించింది. అప్పగించి అంతటితో చేతులు దులుపుకోలేదు. ఏటేటా బిడ్డ ఎదుగుదలకు సరిపడే చిన్న అంగీ ఒకటి కుట్టి తీసుకువెళ్లేది. బిడ్డ ఎంత ఎత్తు పెరిగాడో దూరంగా ఉండి కూడా లెక్క తెలిసిన తల్లి ఆమె.

తరువాత ఒక రాత్రి ఆ పిల్లవాడికి తన పేరు పెట్టి ఎవరో పిలిచినట్లు వినిపించింది. ఏలీ పిలిచాడనుకుని పరుగెత్తుకు వెళ్లాడు. ఏలీ తాను పిలువలేదని, వెళ్లి పడుకోమని పంపివేశాడు. రెండోసారీ అంతే. మూడోసారి వచ్చినప్పుడు గాని ఆ ముసలి యాజకునికి విషయం బోధపడలేదు. బిడ్డను పిలుస్తున్నది దేవుడని అప్పుడు గ్రహించి, మళ్లీ పిలుపు వస్తే ఎలా జవాబివ్వాలో నేర్పి పంపాడు.

గమనించండి. దేవుడు ఏలీతో మాట్లాడలేదు, పిల్లవాడితో మాట్లాడాడు. కాని ఆ పిలుపు ఎవరిదో చెప్పడానికి ఒక పెద్దవాడు కావలసి వచ్చాడు. ఆ పెద్దవాడికి చూపు మందగించింది. తన సొంత కొడుకులను దిద్దుకోలేకపోయినవాడు కూడాను. అయినా మూడోసారి కూడా ఆ పిల్లవాడిని కసరలేదు. పాఠశాలలో విద్యార్థుల ఆధ్యాత్మిక గురువు, అంటే మనం చాప్లిన్ అని పిలిచే గురువు పని ఏమిటని ఎవరైనా అడిగితే, నేను ఈ మూడో అధ్యాయం చూపిస్తాను.

మూడుసార్లు వచ్చిన పిల్లవాడు

ఈ మాటలు రాసే అర్హత నాకుందా అని నన్ను నేను ప్రశ్నించుకోవలసిన సంగతి ఒకటి ఉంది. దాచకుండా చెబుతాను.

గురుపట్టం పొందిన మూడో ఏట నన్ను పల్నాడు వైపు ఒక విచారణకు పంపారు. గుడి పక్కనే బడి, బడి వెనుక బోర్డింగు. ఆ బోర్డింగు పిల్లలకు నేనే చాప్లిన్‌ను. ఆ ఏడు ఆ ప్రాంతంలో పత్తి దెబ్బతిన్నది. పురుగుమందుల కొట్లలో బాకీలు పేరుకుపోయాయి. పదో తరగతి పిల్లవాడొకడు ఒక రాత్రి స్టడీ అవరు అయిన తరువాత నా గది ముందుకు వచ్చాడు. నేను విచారణ పండుగ జమాఖర్చులు చూసుకుంటున్నాను. తల ఎత్తకుండానే "రేపు రారా" అన్నాను. మరునాడు మళ్లీ వచ్చాడు. "పాపసంకీర్తనమా? శనివారం కదా" అన్నాను. మూడో రాత్రి తలుపు బయట అడుగుల చప్పుడు వినిపించింది. పిలుస్తాడేమోనని చూశాను, పిలువలేదు. నేనూ లేవలేదు. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది.

నాలుగో రోజు ఉదయం ప్రార్థనలో అతని చోటు ఖాళీగా ఉంది. ట్రంకు పెట్టె తీసుకుని ఇంటికి వెళ్లిపోయాడని వార్డెను చెప్పాడు. "పిల్లలు ఇలాగే వెళుతుంటారు ఫాదర్" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

చాలా ఏళ్లు గడిచాయి. నేను తాడేపల్లి వచ్చిన తరువాత ఒకనాడు మిరప టిక్కీల లోడుతో గుంటూరు యార్డుకు వెళ్లే లారీ ఒకటి గుడి ఎదుట ఆగింది. డ్రైవరు దిగి వచ్చి, "గుర్తుపట్టారా ఫాదర్?" అన్నాడు. పేరు చెబితే గాని గుర్తురాలేదు. కూర్చోబెట్టి టీ ఇచ్చాను. మాటల మధ్యలో, ఆ రోజుల్లో ఎందుకు వచ్చావయ్యా అని అడిగాను. "మా నాన్న అప్పులతో దిగులు పడిపోయి ఎవరితోనూ మాట్లాడడం మానేశాడు ఫాదర్. మీరు ఒక్కసారి మా ఊరు వచ్చి మాట్లాడితే బాగుంటుందని అడుగుదామని వచ్చాను" అన్నాడు. నాన్న బాగున్నాడా అన్నాను. "ఆ ఏడే పోయాడు ఫాదర్" అన్నాడు. ఎలా పోయాడని అడగడానికి నాకు నోరు రాలేదు.

అతని మాటలో నిష్ఠూరం లేదు. కాని నేను ఏలీకంటే తక్కువవాడినని ఆనాడు తెలుసుకున్నాను. ఏలీ మూడోసారికైనా అర్థం చేసుకున్నాడు.

సగం అంగీని కాపాడేవారు

చాప్లిన్ అనే మాటకు ఒక చరిత్ర ఉంది. నాలుగవ శతాబ్దంలో మార్టిన్ అనే యువ సైనికుడు చలికాలంలో అమియాన్ పట్టణ ద్వారం దగ్గర బట్టలు లేక వణుకుతున్న బిచ్చగాడిని చూశాడు. ఇవ్వడానికి చేతిలో ఏమీ లేక కత్తి దూసి తన పైవస్త్రాన్ని రెండుగా కోసి సగం కప్పాడు. ఆయనే తరువాత తూర్ నగర మేత్రాణులైన పునీత మార్టిన్ గారు. మిగిలిన ఆ వస్త్రాన్ని ఫ్రాంకుల రాజులు పవిత్ర అవశేషంగా భద్రపరిచారు. లత్తీను భాషలో దానిని "కప్పెల్లా" అన్నారు. దాన్ని కనిపెట్టుకుని ఉండే గురువులకు "కప్పెల్లానీ" అని పేరు వచ్చింది. చాపెల్ అన్నా, చాప్లిన్ అన్నా ఆ చినిగిన వస్త్రం నుండి పుట్టిన మాటలే.

అంటే చాప్లిన్ మొదటి పని ప్రసంగం కాదు, తరగతి కాదు. చలికి వణికేవాడికి కప్పడానికి సిద్ధంగా ఉండడం. అన్నా ఏటేటా కుట్టిన చిన్న అంగీ, మార్టిన్ కోసిన సగం వస్త్రం, ఈ రెండూ ఒకే పాఠం చెబుతాయి. బిడ్డ కొలత తెలిసినవారే బిడ్డకు కప్పగలరు.

పునీత డాన్ బోస్కో గారి సేవ కూడా ఒక తలుపు దగ్గరే మొదలయింది. 1841 డిసెంబరు 8న ట్యూరిన్ నగరంలోని పునీత ఫ్రాన్సిస్ అస్సీసి దేవాలయంలో ఆయన దివ్యబలిపూజకు సిద్ధమవుతున్నారు. బర్తొలొమేయో గారెల్లి అనే అనాథ కుర్రవాడు వస్త్రాల గదిలోకి తొంగిచూశాడు. పూజలో సహాయం చేయడం రాదన్నందుకు అక్కడి సేవకుడు వాడిని కొట్టి తరిమాడు. డాన్ బోస్కో గారు వాడు తన స్నేహితుడని చెప్పి వెనక్కు పిలిపించారు. చదవడం వచ్చా అని అడిగారు, రాదన్నాడు. పాడడం వచ్చా, రాదన్నాడు. ఈల వేయడం వచ్చా అని అడిగారు. కుర్రవాడి ముఖంలో నవ్వు వచ్చింది. సత్యోపదేశం ఆ నవ్వు తరువాతే మొదలయింది. నేను జమాఖర్చుల పుస్తకం మూసి, "ఏరా, అన్నం తిన్నావా?" అని అడిగి ఉంటే చాలు కదా!

మన బడి, అందరి పిల్లలు

మన జిల్లాలో కతోలిక బడుల పని నిన్న మొన్నటిది కాదు. మిల్‌హిల్ గురువులు 1875 నుండి ఈ తెలుగు నేల మీద ఎండలో తిరిగారు. 1904లో హాలండు నుండి జె.ఎం.జె. సిస్టర్లు గుంటూరు వచ్చి బాలికల చదువుకూ రోగుల సేవకూ పూనుకున్నారు. 1940లో గుంటూరు మేత్రాసనం ఏర్పడింది. కృష్ణకు ఆవలి ఒడ్డున 1953లో జెస్విట్ గురువులు ఆంధ్ర లొయోలా కళాశాల స్థాపించారు. పలకా బలపం కూడా ఎరుగని కుటుంబాలలోని పిల్లలు ఈ బడుల వల్ల టీచర్లయ్యారు, నర్సులయ్యారు, గురువులయ్యారు, కన్యస్త్రీలయ్యారు.

అయితే మన బడుల్లో చాలాచోట్ల కతోలిక పిల్లలు తక్కువ. హైందవ, మహమ్మదీయ కుటుంబాల పిల్లలే ఎక్కువ. "మరి వీళ్లకు చాప్లిన్ ఏం చేస్తాడు ఫాదర్?" అని ఒక ఉపాధ్యాయుడు నన్ను అడిగాడు. మంచి ప్రశ్న.

మన రాజ్యాంగం 30వ అధికరణంలో అల్పసంఖ్యాక వర్గాలకు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనే హక్కు ఇచ్చింది. అదే రాజ్యాంగం 28వ అధికరణంలో, ప్రభుత్వ గుర్తింపు గాని ధనసహాయం గాని పొందే బడిలో ఏ విద్యార్థినీ సమ్మతి లేకుండా, మైనరు అయితే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధకు గాని ఆరాధనకు గాని రమ్మని నిర్బంధించరాదని చెప్పింది. ద్వితీయ వాటికన్ మహాసభ కూడా 1965 డిసెంబరు 7న వెలువరించిన మతస్వేచ్ఛ ప్రకటనలో, విశ్వాసం విషయంలో ఎవరినీ బలవంతపెట్టరాదని బోధించింది. 2024లో మన దేశ కతోలిక మేత్రాణుల సమాఖ్య తన పాఠశాలలకు ఇచ్చిన మార్గదర్శకాలలో, ఇతర మతాల పిల్లలపై మన ఆచారాలను రుద్దవద్దనీ, ఉదయపు అసెంబ్లీలో రాజ్యాంగ ప్రవేశికను చదివించమనీ చెప్పింది.

ఇది భయంతో వెనక్కు తగ్గడం అని కొందరనుకుంటారు. నేను అలా అనుకోను. సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత అగస్టీను గారి ఒక చిన్న గ్రంథం నన్ను ఆకట్టుకుంది. 389 ప్రాంతంలో ఆయన తన కుమారుడు అదెయోదాతుతో జరిపిన సంభాషణ అది. గురువు అంటే ఎవరు అన్నదే దాని విషయం. బయటి నుండి వినిపించే మాటలు గురుతులు మాత్రమే, మనసు లోపల ఉండి సత్యాన్ని చూపే గురువు క్రీస్తునాథుడే అని ఆ తండ్రీకొడుకులు చివరికి తేల్చుకుంటారు. అప్పటికి కొడుకు వయసు పదహారు. ఆ తరువాత ఎక్కువ కాలం బ్రతకలేదు. ఆ తండ్రికి మిగిలిన ధనం ఏమిటంటే, కొడుకుతో కూర్చుని మాట్లాడిన ఆ మాటలు.

లోపలి గురువు ఆయనే అయినప్పుడు మనం బలవంతపెట్టడం దేనికి? కతోలిక పిల్లలకు సత్యోపదేశం పూర్తిగా, శ్రద్ధగా చెప్పాలి. ఇతర పిల్లలకు నీతిబోధ అంతే శ్రద్ధగా చెప్పాలి. కష్టం వచ్చిన పిల్లవాడిని దగ్గరకు తీసేటప్పుడు మాత్రం రిజిస్టరులో మతం కాలమ్ చూడకూడదు. గారెల్లిని డాన్ బోస్కో గారు మొదట అడిగింది ఏమిటో మరచిపోకండి.

చూడు, విచారించు, ఆచరించు

బెల్జియం దేశంలో జోసఫ్ కార్డిన్ అనే గురువిద్యార్థి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, తనతో చదువుకుని ఫ్యాక్టరీల్లో కూలికి చేరిన పాత స్నేహితులు తనను పరాయివాడిలా చూడడం గమనించాడు. ఆ బాధ ఆయనను జీవితాంతం వదలలేదు. కార్మిక యువకుల కోసం 1925లో ఆయన ప్రారంభించిన ఉద్యమం నేర్పిన పద్ధతి మూడు మాటల్లో ఉంది: చూడు, విచారించు, ఆచరించు. మన బడుల్లోని వై.సి.ఎస్. విద్యార్థి ఉద్యమం కూడా ఈ దారిలోనే నడుస్తుంది. ఇతర మతాల పిల్లలు వై.ఎస్.ఎం. పేరుతో ఇందులోనే కలుస్తారు.

ఈ మూడు మాటలు పిల్లలకు పాఠంగా చెబితే ఆవులిస్తారు. పని చూపిస్తే లేచి నిలబడతారు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలారు. ఆవల విజయవాడ సింగ్‌నగర్ బుడమేరు నీటిలో మునిగింది. మా పిల్లలు కొందరు తల్లులతో కలిసి పులిహోర పొట్లాలు కట్టారు. పని అయ్యాక తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె, "ఫాదర్, వాళ్ల పుస్తకాలు కూడా తడిసిపోయి ఉంటాయి కదా?" అంది. ఆకలిని అందరమూ చూశాం, పుస్తకాలను ఆ పిల్ల చూసింది. మరుసటి వారం నోటు పుస్తకాలు పోగుచేశారు. అందులో ముస్లిం పిల్లలున్నారు, హిందూ పిల్లలున్నారు. ఆ వారం నేను ప్రసంగం చెప్పకపోయినా సువిశేషం వినబడింది.

జనవరి నుండి మన పొలాలకు కర్నూలు వైపు నుండి మిరపకోత కూలీలు పిల్లలతో సహా వస్తారు. మన పిల్లల వయసువారే కళ్లాల దగ్గర తమ్ముళ్లను ఎత్తుకుని కూర్చుంటారు. మన బడి పిల్లలు వారిని చూస్తున్నారా, లేక బస్సు కిటికీ అద్దం మూసుకుంటున్నారా? ఈ ప్రశ్న అడగడం కూడా చాప్లిన్ పనే.

మార్కుల బరువు

ఇక బాధ కలిగించే మాట ఒకటి. మన గుంటూరు, విజయవాడ ప్రాంతాలు రెసిడెన్షియల్ ఇంటర్ చదువులకు పేరుపడ్డాయి. ఆ పేరు వెనుక ఎంత ఒత్తిడి ఉందో తల్లిదండ్రులకు తెలుసు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రతి బిడ్డ వెనుక, చెప్పుకోవాలని ఎవరి గడపకో వచ్చి వెనుదిరిగిన ఒక రాత్రి ఉండి ఉంటుందేమోనని నాకు అనిపిస్తుంది.

మీ బిడ్డ మాట తగ్గించినా, తిండి మానేసినా, నిద్రపోకపోయినా "నాటకాలు" అని కొట్టిపారేయకండి. వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లడం విశ్వాసలోపం కాదు. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ సహాయ కేంద్రం 14416 నంబరులో ఉచితంగా మాట్లాడవచ్చు. పిల్లల కోసం 1098 ఉంది. ఈ రెండు నంబర్లను ఇంట్లో క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి.

మనం చేయగలిగింది

ప్రియ తల్లిదండ్రులారా, బిడ్డను బడికి అప్పగించిన తరువాత కూడా ఏటేటా అంగీ కుట్టవలసింది మీరే. బిడ్డలకు మొదటి విద్యాబోధకులు తల్లిదండ్రులేనని ద్వితీయ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన క్రైస్తవ విద్య ప్రకటన గుర్తుచేసింది. బడిలో వారానికి రెండు పీరియడ్ల సత్యోపదేశం, ఇంట్లో ఒక్కనాడూ లేని జపమాల, ఈ రెంటిలో బిడ్డ దేనిని నమ్ముతుంది? కాబట్టి కొన్ని చిన్న పనులు అడుగుతున్నాను.

రాత్రి అన్నానికి ముందు పది నిమిషాలు టీవీ, సెల్‌ఫోన్లు పక్కనబెట్టి కుటుంబ ప్రార్థన చేసుకోండి. ప్రార్థనలో బిడ్డను కూడా ఒక మాట చెప్పనివ్వండి. బిడ్డ తన బాధను మొదట బయటపెట్టేది తరచుగా అక్కడే.

బడి నుండి రాగానే "ఎన్ని మార్కులు?" అని కాకుండా, "ఈవేళ ఎవరి పక్కన కూర్చుని అన్నం తిన్నావు?" అని అడిగి చూడండి. జవాబు వినడానికి నిలబడండి.

ఆదివారం ట్యూషను కోసం దివ్యబలిపూజనూ సత్యోపదేశాన్నీ మాన్పించకండి. ఒక గంట లెక్కలు పోతే మళ్లీ చెప్పుకోవచ్చు. విశ్వాసం పదేళ్ల వయసులో వేళ్లూనకపోతే, ఇరవై ఏళ్ల వయసులో గాలివాన వచ్చినప్పుడు బిడ్డ దేనిని పట్టుకుంటుంది?

టీచరమ్మలకు, మాస్టర్లకు నా మనవి. పిల్లలకు చాప్లిన్ ఒక్కడే ఏలీ కాదు. మీ తరగతి గది గుమ్మంలో నిలబడి కూడా కదలని పిల్లవాడు కనిపిస్తే, రెండు నిమిషాలు ఆగండి.

ఇక నా వంతు. బడి విడిచిన తరువాత మంగళ, గురువారాల్లో నాలుగున్నర నుండి ఐదున్నర వరకు నేను బడి వరండాలో కూర్చుంటాను. గది తలుపు మూసుకుని కాదు. పిల్లల రక్షణ నియమాల ప్రకారం అందరికీ కనబడేచోట, ఒక సిస్టరు గాని టీచరమ్మ గాని దగ్గరలో ఉండగా కూర్చుంటాను. ఏ మతం పిల్లలైనా రావచ్చు. జమాఖర్చుల పుస్తకం తీసుకురానని మాట ఇస్తున్నాను.

ఆ లారీ డ్రైవరు వెళ్లేముందు తన కూతురి ఆరో తరగతి సీటు గురించి అడిగాడు. ఉత్తరం రాసిచ్చాను. అతన్ని మాత్రం నా అలవాటు ప్రశ్న అడగలేదు. గుమ్మం దాటి రెండడుగులు వేసి, తిరిగి వచ్చి, "అది కొంచెం బెరుకు పిల్ల ఫాదర్. తనంత తాను చెప్పదు. మీరే అడగాలి" అన్నాడు.

ఆ పిల్ల ఇప్పుడు మన బడిలో చదువుతోంది. వరండాలో కూర్చున్న రోజుల్లో నేనే లేచి వెళ్లి పలకరిస్తున్నాను.

బాలుడైన యేసును మూడు రోజులు వెదకి దేవాలయంలో కనుగొన్న మరియమాత, యోసేపు గార్ల ప్రార్థన సహాయం మన కుటుంబాలకు తోడుగా ఉండును గాక. మన గడప తొక్కే ప్రతి సమూవేలునూ గుర్తుపట్టే చూపును తండ్రి దేవుడు మనకు అనుగ్రహించును గాక. ఆమెన్.